మొదటి కత్తెర

“ఈ ఎండలు పోయేలోపట మావోడు ఎవలదో ఒకల పానం తీస్తడు కామేశ్వరమ్మా. చెప్తున్న, రాసి పెట్టుకో.”

ఉగాది వెళ్లి వారం కూడా కాలేదు. మేడ మీద మిరపకాయలు ఎండబోస్తూ నేను పైకే అనేసిన మాట అది. అప్పటికి జరిగిందేమీ లేదు. కింద ముందుగదిలో నా కొడుకు సందీప్ ఫోను ముందు కూర్చుని “ఎయ్, ఇడువకు, మెడ మీదికే ఎయ్” అని అరుస్తున్నాడు. అయినా నా మనసు అలాంటిది. వాడు బండి మీద మేడ్చల్ దాకా వెళ్తే నాకు లారీ కనిపిస్తుంది. తుమ్మితే ఆసుపత్రి మంచం కనిపిస్తుంది. ఇక మెడలు నరకమని అరుస్తుంటే ఏం కనిపిస్తుందో వేరే చెప్పాలా.

కామేశ్వరి రావల్కోల్‌లో మా ఇంటి పైవాటాలో అద్దెకుంటుంది. కాకినాడ వైపు మనిషి. ఆమె భర్త మందుల కంపెనీలో పనిచేస్తాడు. చేటలో మిరపకాయలు ఏరుతూ నవ్వింది.

“మీరు మరీనండి అక్కయ్యగారూ. అది జపాను బొమ్మల సీరియలండి, కత్తులవాళ్ల కథ. కుర్రాళ్లంతా అదే చూస్తున్నారు. మీవాడు అది చూస్తూ తనకేమనిపించిందో చెప్తాడు. ఆ వీడియో నెట్లో పెడితే వాణ్ని జనం చూస్తారు. వాళ్లకేమనిపించిందో కింద రాస్తారు.”

“ఒకడు టీవీ చూస్తుంటే వాన్ని ఇంకొకలు చూసుడేంది?”

“ఇప్పటి సరదా అదేనండి. మా ఆయన క్రికెట్ చూస్తుంటే నేను ఆయన మొహం చూడనూ? అలాగే.”

మజ్జిగ ఇచ్చే వంకతో కిందికి దిగి, గడప దగ్గర నిలబడి నేనూ కాసేపు చూశాను. పెద్దవాళ్లకు మాత్రమే అని మొదట్లోనే రాసి వస్తుంది దానికి. ఒక పడవవాడు. దొర మనుషులు వాణ్ని ఏట్లో ముంచి చంపుతారు. వాడి కొడుకు గట్టు మీది గడ్డిలో దాక్కుని అంతా చూస్తాడు. పెరిగి పెద్దవాడై కత్తి నేర్చుకుని, ఆ మనుషులను ఒక్కొక్కరినే వెతుక్కుంటూ మంచులో నడుస్తాడు. బొమ్మలైతే ఏం, నెత్తురు నెత్తురులాగే ఉంది. తెల్లటి మంచు మీద పడితే ఇంకా ఎర్రగా ఉంది.

నేను చూసింది మాత్రం బొమ్మను కాదు, నా కొడుకును. ఏడాది నుంచి ఇంట్లో నాలుగు మాటలు మాట్లాడని పోరడు, ఆ ఫోను ముందు నోరంతా తెరిచి మాట్లాడుతున్నాడు. కళ్లు మెరుస్తున్నాయి. వాడి వెనుక కిటికీలోంచి మా ద్రాక్ష తీగ కనిపిస్తోంది, సగం ఎండు పుల్లలతో.

నా భయానికి కారణం ఉంది. పోయిన ఏడు ద్రాక్ష కోతల రోజుల్లో మా ఆయన లింగస్వామి పోయాడు. తోట అన్నదమ్ములిద్దరిదీ. మరిది మధుసూదన్ దాన్ని ప్లాట్లు చేద్దామన్నాడు. మా ఆయన ఒప్పుకొని, ఈ ఒక్క పంట కోసుకోనియ్యి అన్నాడు. సరే అన్నాడు మరిది. ఆ మాట ఉండగానే ఒక పొద్దున జేసీబీ వచ్చి పందిరి లాగడం మొదలుపెట్టింది. మా ఆయన ఆపమంటూ లోపలికి ఉరికాడు. పందిరికి నిలబెట్టిన రాతి కడీ ఒకటి ఆయన మీద పడింది. ప్రమాదమని రాశారు. ప్రమాదమే కావచ్చు.

దినాల నాడు మధుసూదన్ కొత్త తువ్వాల తెచ్చి సందీప్ భుజం మీద కప్పి “బిడ్డా” అన్నాడు. సందీప్ ఆ తువ్వాల తీసి, మడిచి, నేల మీద పెట్టాడు.

“నన్ను బిడ్డా అనకు. నీ దినం గూడ వస్తది.”

అరవలేదు వాడు. అరిచి ఉంటే నేను ఇంత భయపడేదాన్ని కాదు. ఆ రోజు నుంచి రెండిళ్ల మధ్య మాటలు బందయ్యాయి. మరిది షామీర్‌పేటలో కట్టుకున్న కొత్త ఇంటికి వెళ్లిపోయాడు.

తోటలో మిగిలింది మా కిటికీ పక్కనున్న ఆ ఒక్క తీగే. పెళ్లయిన కొత్తలో మా ఆయన తోట నుంచి కొమ్మ తెచ్చి నాటాడు. ద్రాక్షకు కోతలయ్యాక కత్తెర వేయాలి. వేయకపోతే ఆకు తప్ప కాయ రాదు. మా ఇంట్లో దానికొక ఆనవాయితీ ఉంది. ఏటా మొదటి కత్తెర ఇంటి పెద్ద వేయాలి, ఆ తర్వాతే మిగతావాళ్లు తీగ ముట్టాలి. మామ బతికున్నన్నాళ్లు ఆయనే వేశాడు, ఆ తర్వాత మా ఆయన. ఆయన పోయాక తీగ దానిష్టం వచ్చినట్టు అల్లుకుంది. ఒకసారి సందీప్‌తో అన్నాను, నువ్వే కత్తిరించరాదా అని.

“నేనెట్ల ఎస్తనే” అన్నాడు. ఒళ్లు వంగక అన్నాడనుకున్నాను.

*

వారానికొక భాగం వచ్చేది ఆ సీరియల్. సందీప్‌కు మేడ్చల్‌లో ఫోన్ల దుకాణంలో పని. ఆదివారం సెలవు కాబట్టి ఆ రోజే కూర్చునేవాడు. సోమవారం వాడు పనికి వెళ్లాక నేను కామేశ్వరి దగ్గరికి వెళ్లేదాన్ని. నేను ఏడు దాకా చదివాను. తెలుగు చదువుతాను గానీ ఆ కింద రాసేవాళ్లు తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు. ఆమె చదివి వినిపించేది.

“‘అన్నా, ఆ వంతెన మీద కొట్లాట చూసి నేను మంచం మీంచి లేచి నిలబడ్డా’ అంటున్నాడొకడు. ‘నాన్న గుర్తొచ్చి ఏడ్చేశా’ అంట, పాపం ఈ అమ్మాయి ఎవరో. ‘పడవవాడి కొడుకు తప్పు చేస్తున్నాడు, ఇంతమందిని చంపితే వాడికీ వాళ్లకీ తేడా ఏముంది’ అని ఒకాయన. ఆయన్ని పట్టుకుని పదిమంది తిడుతున్నారు, నీ నాన్నని చంపితే తెలుస్తుంది అని.”

“మావోడు ఏమన్నడు గా మాటకు?”

“ఏమీ అనలేదండి. మీవాడు ఎవరికీ జవాబివ్వడు. అందుకే రాతిమొహం అన్నా అని పేరు పెట్టారు.” కిందికి జరుపుతూ నవ్వింది. “ఇదిగో, ఈ మనిషి మళ్లీ వచ్చాడు. ప్రతి వారం ఇదే రాస్తాడు. ఇది మాత్రం తెలుగు అక్షరాల్లోనేనండి, మీరే చదవండి.”

ఫోను తీసుకుని చదివాను. ఫొటో లేదు. పేరు ఉండాల్సిన చోట ఏవో అంకెలున్నాయి.

“కిటికీల తీగకు కత్తెర ఎయ్యలేదేంది. ఎండ ముదురుతాంది.”

“కత్తులవాళ్ల కథకీ తీగకీ ఏంటండీ సంబంధం? ఎవరో తిక్కమనిషి” అంది కామేశ్వరి.

అందరూ సీరియల్ చూస్తుంటే ఒకడు మా కిటికీ చూస్తున్నాడు. మా ఇల్లు ఎక్కడుందో తెలిసినవాడు. ఆ రోజు నుంచి సందీప్ కూర్చునే ముందు కిటికీకి దుప్పటి కట్టబోయేదాన్ని. “చీకటయితాంది, తియ్యి” అని వాడు తీసేసేవాడు.

*

వైశాఖం మొదట్లో, సాన పట్టేవాడు సైకిలు మీద వీధిలోకి వచ్చాడు. బట్టలు కుట్టే కత్తెర పట్టిద్దామని నేను బయటికి వెళ్లేసరికి సందీప్ అప్పటికే అక్కడ నిలబడి ఉన్నాడు. సానరాయి మీద నిప్పురవ్వలు లేస్తున్నాయి. రాయికి ఆనించినది మా ఆయన ద్రాక్ష కత్తెర. ఒక్క నొక్కు నొక్కితే వేలంత కొమ్మ తెగే కత్తెర అది. వాడు బొటనవేలితో పదును చూసి, గుడ్డలో చుట్టి, బండి డిక్కీలో పెట్టుకున్నాడు.

తీగ ఇంటి ముందుంది. కత్తెర డిక్కీలో ఎందుకు?

ఆ వారం భాగంలో పడవవాడి కొడుకు ఏటి ఒడ్డున కూర్చుని కత్తి నూరుకున్నాడు. అది చూస్తూ నా కొడుకు ఒక్క మాట మాట్లాడలేదు. ఆ వీడియో కింద రాసినవాళ్లంతా, చివరిదాకా వదలకు, ఒక్కడే మిగిలాడు అని రాశారట. ఆ రాతలు ఆ బొమ్మకు రాశారని కామేశ్వరి అంది. నాకు మాత్రం వాళ్లంతా నా కొడుకును ముందుకు తోస్తున్నట్టే వినిపించింది.

మర్నాడు వాడు పనికి వెళ్లగానే నేను చీర మార్చుకుని ఆటో ఎక్కాను. ఎవరికీ చెప్పలేదు.

మధుసూదన్ ఇల్లు పెద్దది. గేటు తీసింది ఆయనే. ఏడాదిలో మనిషి సగమయ్యాడు. గడ్డం తెల్లగా మాసి ఉంది.

“వదినె” అని ఒక్క మాట అని, పక్కకు జరిగాడు.

కూర్చోమన్నాడు. కూర్చోలేదు నేను. దారిపొడవునా కూడబలుక్కున్నదంతా మరిచిపోయి, ఉన్నదున్నట్టు చెప్పేశాను.

“నువ్వు కొన్ని దినాలు ఎటన్న పో మధుసూదనా. తీర్థం పో, సుట్టాల ఇంటికి పో. పోరడు మంచిగ లేడు. కత్తెర సాన పట్టిచ్చి బండిల పెట్టుకొని తిరుగుతాండు. వానికి ఏమన్న అయితే నేను బతుక. నీకు ఏమన్న అయినా వానికే అయితది.”

ఆయన గేటు వైపు చూశాడు.

“మొన్న ఐతారం వచ్చిండు” అన్నాడు. “గేటు ముంగట బండి ఆపిండు. నేను కిటికీలకెళ్లి చూసిన. దిగిండు, డిక్కీ తెరిసిండు, మల్ల మూసిండు. ఎల్లిపోయిండు.”

అప్పుడు కూర్చున్నాను.

“ఏడికి పోతనే నేను? రానియ్యి. వాడు ఏదన్న అడుగుతడని ఏడాది సంది కండ్లల్ల ఒత్తులేసుకొని చూస్తున్న. తిట్టని, కొట్టని. గా దినం ఆగుమని నేను ఒక్క ఫోన్ చేస్తే అయిపోతుండె. పార్ట్‌నర్లు జల్దీ జల్దీ అన్నరు. చెయ్యలే. గంతే వదినె, ఇంక చెప్పనీకె ఏం లేదు.”

మంచినీళ్లు తేవడానికి ఆయన లోపలికి వెళ్లాడు. సోఫా మీద ఆయన ఫోను వెలుగుతూ ఉంది. అందులో నా కొడుకు మొహం ఉంది, మాట మధ్యలో ఆగిపోయి. వెనుక మా కిటికీ, ఎండు పుల్లలు.

ఆయన చెంబుతో తిరిగొచ్చి నేను చూస్తున్నది చూశాడు. సిగ్గుపడ్డట్టు ఫోను తిప్పి పెట్టాడు.

“నాకు గా కత్తుల కత ఒక్క ముక్క సమజ్ కాదు. వాని మొకం చూస్త. బక్కగైండు గద వదినె. తింటాండా?”

“తింటాండు.”

“తీగకు కత్తెర ఎయ్యలే ఇంక” అన్నాడు.

*

ఆటో దిగుతుంటే సందీప్ చూశాడు. దుకాణంలో కరెంటు పోయి తొందరగా వచ్చాడట.

“షామీర్‌పేట ఆటో గది. గా దిక్కు ఎవలున్నరే మనకు?”

అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. చెప్పాను. ఎందుకు వెళ్లానో, ఏం చెప్పానో, ఆ తీగ సంగతి రాసేది ఎవరో కూడా చెప్పాను. చివరి మాటకు వాడు కోపం తెచ్చుకుంటాడనుకున్నాను.

“అది నాకు మొదటి దినమే ఎరుక” అన్నాడు. “ఎండిన పుల్లలు చూసి గది ద్రాక్ష అని ఇంకెవలికి ఎరుకైతది?”

“మరి కత్తెర ఎందుకురా డిక్కీల? గాడికి ఎందుకు పోయినవు?”

వాడు నా వైపు చూశాడు. వాడి నాయిన శవం ముందు కూడా వాడి మొహం అలా లేదు.

“నువ్వు ఎందుకనుకున్నవో గందుకే.”

“సందీపూ.”

“పోయి చెప్పినవా అమ్మా? మా పోరడు నిన్ను సంపుతడు, దూరం పో అని? నా గురించి? నువ్వు చెప్పినవా?”

చెప్పాను కదా.

“ఫోన్ల రాసెటోళ్లు అనుకుంటే అనుకోని, నువ్వు గూడనా” అన్నాడు, చెప్పులు విప్పుతూ.

ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం మానేశాడు. అన్నం పెడితే తినేవాడు. పిలిస్తే లేచి వచ్చేవాడు. పలికేవాడు కాదు. కామేశ్వరి మధ్యలో దూరి, “ఏం నాయనా, అమ్మతో కూడా రాతిమొహమేనా” అని నవ్వించబోయింది. ఆమె మాటకు తలవంచుకుని గడప దాటి వెళ్లాడు. ఎండలు ముదిరాయి. తీగ ఆకులు అంచుల్లో మాడి, గాలికి కాగితాల్లా చప్పుడు చేసేవి. నేను కుట్టు మిషను ముందు కూర్చుని, జాకెట్టు చేతులు అటువి ఇటు, ఇటువి అటు కుట్టి మళ్లీ విప్పేదాన్ని. అన్నాళ్లూ వాడు ఎవరినో చంపుతాడని భయపడ్డాను. నా కడుపున పుట్టినవాణ్ని నేనే అంత మాటన్నానన్నది అప్పుడు తెలిసివచ్చింది.

*

ఆఖరి భాగం వచ్చిన ఆదివారం వాడు గది తలుపు వేసుకోలేదు. నేను వంటింట్లో నుంచి విన్నాను. కత్తుల చప్పుడు, ఎవరో ముసలివాడి గొంతు, ఆ తర్వాత నీళ్ల చప్పుడు. సందీప్ గొంతు మాత్రం వినిపించలేదు.

సాయంత్రం కామేశ్వరి ఫోను పట్టుకుని తనే కిందికి వచ్చింది.

“పడవవాడి కొడుకు ఆ చివరివాణ్ని కూడా చంపేశాడండి. చంపేసి తండ్రి పడవలో కూర్చున్నాడు. ఇంక వెళ్లడానికి ఎక్కడా లేదు వాడికి. పడవ తిరుగుతూ ఉంటుంది, అయిపోయింది. జనమంతా ఈలలు, చప్పట్లు. కొందరేమో ఇదేం ముగింపు అని తిట్లు. మీవాడు చూడండి.”

చూశాను. సీరియల్ అయిపోయాక కూడా వాడు ఫోను కట్టేయలేదు. అలాగే కూర్చున్నాడు. కళ్లు తుడుచుకోలేదు. పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. చాలాసేపటి తర్వాత చెయ్యి ముందుకు చాపి ఆపేశాడు. దాన్ని అలాగే జనంలోకి వదిలేశాడు.

“కింద ఏం రాశారో తెలుసా? ‘అన్నా, సౌండ్ రావట్లేదు.’ ‘మైకు పోయినట్టుంది చూసుకో అన్నా.’ ‘సౌండ్ సరిచేసి మళ్లీ పెట్టు.’” కామేశ్వరి నవ్వబోయి, నా మొహం చూసి ఆపేసింది.

“గా తీగ మనిషి?”

కిందిదాకా వెతికింది. “లేదండి. ఈసారి రాయలేదు.”

*

రెండు రోజులు గడిచాక, పొద్దు వంగే వేళ, దుకాణం నుంచి వచ్చిన సందీప్ డిక్కీ తెరిచి గుడ్డ మూట బయటికి తీశాడు. కత్తెర పట్టుకుని తీగ కింద నిలబడ్డాడు. ఒక కొమ్మ వంచి పట్టుకున్నాడు. కణుపులు లెక్కపెట్టుకుంటున్నట్టు వేళ్లు జరిపాడు. కత్తిరించకుండా వదిలేశాడు. మరో కొమ్మ వంచాడు. దాన్నీ వదిలేశాడు.

నేను అరుగు మీద మిరపకాయల తొడిమెలు తీస్తున్నాను.

గేటు బయట కారు ఆగలేదు. మరిదే నడిచి వచ్చాడు. కారు వీధి చివర ఎక్కడో వదిలి వచ్చినట్టున్నాడు. తెల్ల చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది. గేటు గొళ్లెం చేతికి అందేంత దగ్గరలో నిలబడ్డాడు గానీ దాన్ని ముట్టుకోలేదు.

మేడ మీద కామేశ్వరి బకెట్టు చప్పుడు ఆగిపోయింది.

సందీప్ తిరిగి చూశాడు. వాడి చేతిలో కత్తెర ఉంది. సాన పట్టించిన కత్తెర. ఆ ఇద్దరి మధ్య నాలుగడుగుల నేల, ఒక ఇనుప గేటు. నాకు ఏమేం కనిపించాయో చెప్పను. నెత్తురు కనిపించింది, పోలీసు బండి కనిపించింది, జైలు గోడ కనిపించింది. సందీపూ అని కేక నోటిదాకా వచ్చింది. లేవబోయాను.

లేవలేదు. వాడి పేరు పిలిస్తే ఆ మాట రెండోసారి అన్నదాన్నవుతాను. చేటలో చేతులు పెట్టి, ఒక మిరపకాయ తీసి, తొడిమె తుంచాను. ఇంకొకటి తీశాను.

“తీగకు కత్తెర ఎయ్యలేదేంది బిడ్డా” అన్నాడు మధుసూదన్. “ఎండ ముదిరిపాయె.”

ఆ బిడ్డా అన్న మాటకు సందీప్ దవడ బిగిసింది, నాకు కనిపించింది. గాలికి తీగ ఆకులు చప్పుడు చేశాయి. వీధిలో పాల బండి పోయింది, దాని హారన్ మూల తిరిగి వినిపించకుండా పోయింది. మధుసూదన్ కదల్లేదు. తిట్టినా, రాయి విసిరినా పడటానికి వచ్చినవాడిలా చేతులు రెండూ కిందికి వదిలేసి నిలబడ్డాడు. నేను తుంచిన తొడిమెలు నా ఒళ్లో కుప్పయ్యాయి. మధుసూదన్ తలవంచుకున్నాడు. వెనక్కి తిరగడానికి ఒక కాలు కదిపాడు.

సందీప్ గేటు దాకా నడిచాడు. గొళ్లెం తీశాడు. కత్తెరను మొనవైపు తను పట్టుకుని, పిడి అవతలికి తిప్పాడు.

“మొదటి కత్తెర ఇంటి పెద్దది గద” అన్నాడు. వాడి గొంతులో కోపం పోలేదు. “ఏడాదాయె. నువ్వు రాకపోతివి కాకా.”